ఇల్లు ఎక్కడ? వాంగణిలోనా, కన్న ఊళ్ళోనా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



కొద్ది రోజుల కిందట మన ఆఫీసు మెట్లెక్కి ఒక పెద్దవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి వీవింగ్ ఖాతాలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. గిర్నీ మూతపడిన తర్వాత కన్నుమూశాడు. ఇంటి దరఖాస్తు ఇప్పుడు ఆమె పేరు మీద ఉంది. ఆమె చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టి ఇలా అడిగింది:

“ఏం కొడుకా, నన్ను వాంగణికి పొమ్మంటరా, ఊరికి పొమ్మంటరా? పెద్దోడు అక్కడ ఇల్లు తీసుకుందాం అంటడు. చిన్నోడు ఊర్లె గోడలున్నయి, రేకులేసుకొని ఉందాం అంటడు. మీరు సంఘపోళ్ళు. మీరేం జెప్తె అది జేస్త.”

ఆ రోజు మేము ఆమెకు జవాబు చెప్పలేకపోయాం. టీ తెప్పించి ఇచ్చాం, కాగితాలకు జిరాక్స్ తీయించాం, మళ్ళీ రమ్మని పంపించాం. జీతాల గురించి, బోనస్ గురించి, గ్రాట్యుటీ గురించి అడిగితే సంఘం దగ్గర జవాబు ఉంటుంది. మనిషి మిగిలిన జీవితం ఎక్కడ గడపాలి అని అడిగితే ఏ చట్టం పుస్తకం తిరగేయాలి? అయినా ఈ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. ఈ హాల్లో కూచున్నవారిలో సగం మంది ఇళ్ళలో రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట నడుస్తోంది. అందుకని మా కార్యవర్గం రెండు చోట్లకూ పోయి చూసింది. చూసింది చూసినట్టు మీ ముందు పెడుతున్నాం.

ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చింది

మొదట ఒక మాట మరిచిపోకూడదు. వాంగణి కావాలని మనం ఎన్నడూ అడగలేదు. మనం అడిగింది గిర్నీ స్థలంలో ఇల్లు.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన రెండున్నర లక్షల మంది గిర్నీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె తర్వాత వేలాది మందిని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. తర్వాతి ఇరవై ఏళ్ళలో గిర్నీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. పరేల్, లాల్‌బాగ్, వర్లీ, శివ్‌డీ ప్రాంతాల్లో సుమారు 600 ఎకరాల గిర్నీ స్థలం మిగిలింది. 1991 నాటి అభివృద్ధి నియమావళిలో 58వ నిబంధన ఆ స్థలానికి మూడు వాటాలు వేసింది. ఒకటి నగరపాలికకు, ఒకటి ఇళ్ళ కోసం మ్హాడాకు, ఒకటి యజమానికి. 2001లో ఆ నిబంధన మార్చి, మొత్తం స్థలానికి కాదు, ఖాళీగా ఉన్న స్థలానికే వాటాలు అన్నారు. గిర్నీ అంటేనే షెడ్లు, గోదాములు. ఖాళీ స్థలం ఎంత ఉంటుంది? 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పునే ఖాయం చేసింది. అలా మన వాటా చిక్కిపోయింది.

అయినా పోరాడగా ఇళ్ళు వచ్చాయి. 1982 జనవరి 1 తర్వాత గిర్నీ పుస్తకాల్లో పేరున్నవారికి, వారి వారసులకు హక్కు వచ్చింది. 2012లో 6,925 ఇళ్ళకు చిట్టీలు తీశారు. 2016లో ముంబయిలో 2,634, పన్వేల్ దగ్గర కోన్ గ్రామంలో 2,417. 2020లో 3,894. మొత్తం కలిపితే 15,870. దరఖాస్తులు పెట్టినవారు లక్షా డెబ్బై అయిదు వేల దాకా ఉన్నారు. పదకొండు మందిలో ఒక్కరికి ఇల్లు దొరికిందన్నమాట. కోన్ ఇళ్ళ సంగతి మీకు తెలిసిందే. చిట్టీలో పేరొచ్చిన తర్వాత ఆ భవనాలను కరోనా రోజుల్లో క్వారంటైన్‌కు వాడారు. మరమ్మతుల పేరుతో ఏళ్ళు గడిచాయి.

2024 మార్చిలో ప్రభుత్వం మరో ఉత్తర్వు తెచ్చింది. కర్జత్ లైన్లో శేలు దగ్గర 30,000 ఇళ్ళు, వాంగణి దగ్గర 51,000 ఇళ్ళు. ఇంటి ధర 15 లక్షలు, అందులో అయిదున్నర లక్షలు ప్రభుత్వాలు భరిస్తాయి, కార్మికుడు తొమ్మిదిన్నర లక్షలు కట్టాలి. అందులోనే 17వ షరతు ఒకటి పెట్టారు. వద్దన్నవారి హక్కు పోతుందని దాని సారాంశం. 2025 జూలై 9న ఆజాద్ మైదానంలో అన్ని సంఘాల కార్మికులు వానలో కూచున్నది ఆ షరతు కోసమే. మన తెలుగువాళ్ళు కూడా జెండా పట్టుకుని వచ్చారు. ఆ షరతు తీసేస్తామని అప్పుడు ప్రభుత్వం నుంచి మాట వచ్చింది. వాంగణి వద్దన్నంత మాత్రాన ముంబయి ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు కాదన్నది మన వాదన. ఈ ఒక్క మాట గుండెల్లో పెట్టుకుని మిగతాది వినండి.

వాంగణి దారి

ఒక పనిరోజు సాయంత్రం మేము నలుగురం దాదర్‌లో కర్జత్ లోకల్ ఎక్కాం. ఆదివారం పోవద్దని ముందే అనుకున్నాం. ఆదివారం ఏ ఊరైనా దగ్గరగానే ఉంటుంది.

వాంగణి సి.ఎస్.ఎం.టి. నుంచి సుమారు 79 కిలోమీటర్లు. బద్లాపూర్ తర్వాతి స్టేషను. ఆ తర్వాత శేలు, ఆ తర్వాత నేరళ్. ఠాణే దాకా మాకు చెయ్యి కదిలించే చోటు లేదు. మాలో పెద్దాయనకు డోంబివిలీ దాటాక కూచునే చోటు దొరికింది. కల్యాణ్ దాటితే బళ్ళు పలచబడతాయి, ఎందుకంటే చాలా లోకళ్ళు కల్యాణ్‌లోనో, అంబర్‌నాథ్‌లోనో, బద్లాపూర్‌లోనో ఆగిపోతాయి. కర్జత్ బండి ఒకటి తప్పిపోతే మరొక దానికోసం అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నిలబడాలి.

రైలు పాసు ఖర్చు పెద్దది కాదు. పెద్ద ఖర్చు మనిషిది. లెక్క వేయండి. ఇంటి గడప నుంచి పని గడప దాకా రెండు గంటలు. రెండు పూటలు కలిపి నాలుగు గంటలు. నెలకు 26 పనిరోజులు. 104 గంటలు అయింది. ఎనిమిది గంటల పాళీ లెక్కన 13 పాళీలు. నెలకు పదమూడు పాళీలు పగారు లేకుండా రైల్లో నిలబడి చేయాలన్నమాట! ఏ యజమాని అయినా మన చేత పదమూడు పాళీలు ఉచితంగా చేయిస్తానంటే మనం గేటు దగ్గర కూచుంటాం. రైల్లో అయితే మాట్లాడకుండా చేస్తాం.

ఆ నిలబడటం కూడా క్షేమంగా లేదు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర ఎదురెదురు లోకళ్ళ ఫుట్‌బోర్డుల మీద వేలాడుతున్నవారు కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానాకాలం మరో సంగతి. 2019 జూలై 27న ఉల్హాస్ నది పొంగి మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ బద్లాపూర్, వాంగణి మధ్య నీళ్ళలో నిలిచిపోయింది. వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవల మీద బయటికి తెచ్చారు. ఇల్లు తీసుకునేవారు ఎండాకాలంలో కాదు, జూలైలో పోయి ఆ స్థలం చూడాలని మేము చెప్పేది అందుకే.

అంతమాత్రాన వాంగణిలో మంచి లేదని అనం. అక్కడ గాలి మంచిది. కొండలు కనిపిస్తాయి. స్టేషను ఉంది, బజారు ఉంది. పేరు మీద పక్కా ఇల్లు, కారని కప్పు, ఇంట్లోనే నీళ్ళు, ఇంట్లోనే సండాసు. చాల్‌లో పదిమంది ఒక ఖోలీలో పడుకుని, పొద్దున్నే డబ్బా పట్టుకుని లైన్లో నిలబడిన మనకు వాటి విలువ తెలుసు. అంబర్‌నాథ్, బద్లాపూర్‌లలో కారఖానాలు ఉన్నాయి. ఉల్హాస్‌నగర్‌లో కుట్టుపని ఉంది. కల్యాణ్ నుంచి భివండి దగ్గర. కొడుకు పని ఆ వైపు ఉంటే వాంగణి దూరం కాదు.

కానీ మనవాళ్ళ పిల్లల పని ఎక్కువగా ఎక్కడుంది? పరేల్, వర్లీల్లోనే ఉంది. తాత సాంచె నడిపిన స్థలంలోనే మనవడు మాల్‌లో బిల్లులు కొడుతున్నాడు, లిఫ్ట్ దగ్గర నిలబడుతున్నాడు. ఈ నగరానికి మన పని కావాలి, మన పడక మాత్రం ఎనభై కిలోమీటర్ల అవతల ఉండాలి. ఇది న్యాయమా అని అడగడం మన సంఘం పని.

ఇక కిస్తీ. తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకులో అప్పు తెచ్చి, నూటికి తొమ్మిది వడ్డీతో పదిహేనేళ్ళు కట్టాలనుకుంటే నెలకు తొమ్మిది వేల ఆరువందలు దాటుతుంది. గిర్నీ కార్మికుని ఇ.పి.ఎస్. పింఛను 2014లో కనీసం వెయ్యి రూపాయలు చేశారు. మనలో చాలామందికి వచ్చేది దాని చుట్టుపక్కలే. అరవై దాటినవాడికి బ్యాంకు పదిహేనేళ్ళ అప్పు ఇవ్వదు, కొడుకు సంతకం అడుగుతుంది. అంటే ఇల్లు తండ్రి పేరు మీద, అప్పు కొడుకు నెత్తి మీద. ఈ మాట ముందే ఇంట్లో తేలాలి.

ఊరి దారి

ఆ తర్వాత మాలో ఇద్దరం రాత్రి బస్సెక్కి రాజన్న సిరిసిల్ల జిల్లాకు పోయాం. మనలో ఎక్కువమంది ఊళ్ళు ఆ చుట్టుపక్కలవే.

ఊరు అంటే మనకు కళ్ళ ముందు కనిపించేది మనం వదిలిపెట్టి వచ్చిన రోజు ఊరు. చింతచెట్టు, బావి, అవ్వ చేతి జొన్నరొట్టె. ఇప్పుడు అక్కడ బోర్లున్నాయి, ఇంగ్లీషు మీడియం బళ్ళున్నాయి, వీధికి నాలుగు తాళాలు వేసిన ఇళ్ళు ఉన్నాయి. ఆ తాళాలు బొంబాయి, భివండి, షోలాపూర్, గల్ఫ్ దేశాలకు పోయినవారివి. కొందరికి ఊరే లేదు. మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, చింతలఠాణా వంటి ఊళ్ళు మునిగిపోయాయి. ఆ ఊళ్ళవారు పునరావాస కాలనీల్లో ఉంటున్నారు. ‘ఊరికి పోతాం’ అని ముప్పై ఏళ్ళు అన్న మన సోదరుడు ఇప్పుడు పోతే చూసేది నీళ్ళే.

మా బాపు సంగతి చెప్తాం. స్పిన్నింగ్ ఖాతాలో ముప్పై ఏళ్ళు చేసి, లెక్క తీసుకుని, మా అవ్వను వెంటబెట్టుకుని ఊరికి పోయాడు. ఖోలీ అప్పగించేసి పోయాడు. ఉన్న ఊరు కన్నతల్లి కదా అన్నాడు. మొదటి ఏడాది సంతోషంగానే ఉన్నాడు. రెండో ఏడాది నుంచి పొద్దున్నే బొంబాయి బస్సు వచ్చే వేళకు బస్టాండుకు పోయి కూచునేవాడు. ఎవరైనా దిగితే పలానా గిర్నీ నడుస్తోందా, పలానా జాబర్ ఉన్నాడా అని అడిగేవాడు. బొంబాయిలో అందరూ ఆయనను ‘తెలుగాయన’ అనేవారు. ఊళ్ళో ‘బొంబాయాయన’ అన్నారు. అన్నదమ్ముల్లో ఇంటి వాటా దగ్గర మాట వచ్చింది. మా అవ్వకు ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి జీపు దొరకడానికే రెండు గంటలు పట్టింది. ఆమె దక్కలేదు. బాపు మళ్ళీ బొంబాయికి వచ్చాడు, కానీ తిరిగి వచ్చేసరికి ఆయనకు తన ఖోలీ లేదు. మా ఇంట్లో మాచు కింద పరుపు వేశాం. మిగిలిన రోజులు అలాగే గడిపాడు. ఆయన చేసిన తప్పు ఊరికి పోవడం కాదు. తిరిగొచ్చే దారి మూసుకుని పోవడం తప్పు.

ఊళ్ళో మేలు కూడా ఉంది. ఇంటి అద్దె లేదు. భాష మనది. చావుకు, పెళ్ళికి పదిమంది వస్తారు. తెలంగాణలో పెద్దల ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలు అయింది. గిర్నీ పింఛనుకు అది రెట్టింపు. కానీ అది అక్కడే నివాసం ఉండేవారికి ఇచ్చేది. ఇక్కడ ఉంటూ అక్కడ తీసుకుందాం అనుకుంటే కుదరదు. రేషను విషయంలో ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ వచ్చాక ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం, గోధుమలు తీసుకోవచ్చు.

మరి పని? సిరిసిల్లలో సాంచెలున్నాయి కదా, కొడుకులు అక్కడ చేసుకుంటారు అని కొందరంటున్నారు. అక్కడి పద్ధతి తెలుసుకుని పోండి. సేటు నూలు ఇస్తాడు, ఆసామి తన సాంచెలు నడిపిస్తాడు, కార్మికుడికి నేసిన దాన్ని బట్టి కూలి. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడంతో కొన్నేళ్ళు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ ఆర్డరు ఆగగానే సాంచెలు ఆగాయి. కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్ళీ వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన పనికి ఇదే గతి. అది తెలిసి పోవాలి, తెలియక పోకూడదు.

పిల్లల సంగతి ఇంకొకటి. తెలంగాణలో ఉద్యోగాలకు, సీట్లకు ‘స్థానికుడు’ అనే హోదా చదివిన చోటును బట్టి వస్తుంది. ముంబయి బడిలో చదివిన పిల్లవాడు తాత పుట్టిన ఊళ్ళో స్థానికుడు కాడు. ఒక రాష్ట్రం కులపత్రంతో మరో రాష్ట్రంలో రిజర్వేషను రాదు. పదో తరగతిలో ఉన్న పిల్లను తీసుకుపోయి అక్కడ చేర్పించే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

అయిదు ప్రశ్నలు

ఈ రెండు దారులూ చూశాక మాకు ఒకటి అర్థమైంది. మనం గోడలను చూసి మాట్లాడుకుంటున్నాం. వాంగణిలో కొత్త గోడలు, ఊళ్ళో పాత గోడలు. గోడలు మనిషిని చూడవు. మనిషినే మనిషి చూడాలి. అందుకని ప్రతి ఇంట్లో ఈ అయిదు ప్రశ్నలు వేసుకోమని సంఘం కోరుతోంది.

ఒకటి: కిస్తీ ఎవరు కడతారు? ‘అందరం కలిసి’ అన్న జవాబు చెల్లదు. పేరు చెప్పాలి, నెలకు ఎంతో చెప్పాలి. ఆ మనిషి తన భార్య ముందు చెప్పాలి.

రెండు: రాత్రి పన్నెండు గంటలకు జబ్బు చేస్తే ఎవరు లేస్తారు? ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు? ఇక్కడ ఒక హక్కు గుర్తు చేస్తున్నాం. అయిదేళ్ళకు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ.లో ఉండి, వయసు వచ్చి రిటైరైనవారు, వి.ఆర్.ఎస్. తీసుకున్నవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ వైద్యం పొందవచ్చు. మనలో చాలామంది దీన్ని వాడుకోలేదు. ఆఫీసుకు వస్తే ఫారం నింపి ఇస్తాం. కానీ హక్కు ఉంటే చాలదు, ఇ.ఎస్.ఐ. దవాఖానా అందుబాటులో ఉండాలి. పోయే చోటికి అది ఎంత దూరమో చూసుకోండి.

మూడు: పిల్లల చదువు, పని ఏ వైపు ఉన్నాయి? పెద్దల కోసం పిల్లలు పదమూడు పాళీలు మోయాలా, పిల్లల కోసం పెద్దలు కొత్త చోటికి పోవాలా అన్నది కూచుని తేల్చుకోవాలి.

నాలుగు: ఇంటి ఆడవాళ్ళు ఏమంటున్నారు? మగవాడు పొద్దున పోయి రాత్రి వస్తాడు. ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఆడవాళ్ళు. ఖానావళి నడిపి, దారాలు కత్తిరించి, నాలుగిళ్ళలో పనిచేసి సంసారం ఈడ్చింది వాళ్ళు. సమ్మె రోజుల్లో మన ఇళ్ళలో పొయ్యి వెలిగింది వాళ్ళ చేతిమీదనే. వాంగణిలో వాళ్ళకు ఆ నాలుగిళ్ళ పని దొరుకుతుందా? ఊళ్ళో బీడీలు చుట్టడం కోడలికి వస్తుందా? ఆమెను అడిగారా?

అయిదు: పొసగకపోతే తిరిగొచ్చే దారి ఉందా? ఇది అన్నిటికన్నా పెద్దది.

సంఘం అభిప్రాయం

మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెప్తున్నాం. సంపాదించే కొడుకో కూతురో కల్యాణ్, అంబర్‌నాథ్, బద్లాపూర్, భివండి వైపు పనిచేస్తూ, కిస్తీ తన నోటితో తానే ఒప్పుకుంటే, వాంగణి ఇల్లు కాదనవద్దు. ముసలి భార్యాభర్తలు ఇద్దరే ఉండి, ఊళ్ళో వాళ్ళను చూసే మనిషి, తమ్ముడో, కూతురో, చెల్లెలి కొడుకో ఉంటే ఊరు మేలు. ఊళ్ళో గోడలుండి మనిషి లేకపోతే పోవద్దు. ఈ రెండూ కానివారు తొందరపడవద్దు. ఉన్న ఖోలీ పట్టుకుని ఉండండి.

ఏ దారి పట్టినా మూడు పనులు చేయండి. మొదటిది, అమ్మే ముందు ఉండి చూడండి. ఊరికైతే ఆర్నెల్లు పోయి ఉండండి. వాంగణికైతే అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఒక వానాకాలం గడపండి, కొడుకు అక్కడినుంచే పనికి పోయి రావాలి. ఆ తర్వాతే పగిడీ ఖోలీ మాట ఎత్తాలి. రెండోది, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. టికెట్ నంబరు, పగారు చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. కాగితం, సర్వీసు సర్టిఫికెట్, ఇవి మన బతుకంతటికీ సాక్ష్యం. ‘మీ దరఖాస్తు మేం కొంటాం, ఇప్పుడే యాభై వేలు తీసుకోండి’ అని చాళ్ళలో తిరిగేవాళ్ళు ఉంటారు. కుల్‌ముఖ్తియార్ పత్రం మీద వేలిముద్ర వేశారంటే ఇల్లు వాడిది, జ్ఞాపకం మీది. మూడోది, సమ్మతి అడిగే ఏ కాగితం మీదనైనా సంతకం చేసే ముందు ఆఫీసులో చదివించుకోండి. అది మరాఠీలో ఉంటుంది. చదవడానికి మాకు పావుగంట పడుతుంది. దిద్దుకోవడానికి మీకు జన్మ చాలదు.

ఇక సంఘంగా మన కోరికలు. గిర్నీ స్థలాల్లో మిగిలిన వాటా లెక్క తేల్చి ముంబయిలోనే ఇళ్ళు ఇవ్వాలి. వాంగణి, శేలు ఒప్పుకున్నవారికి తాళం చేతికి ఇచ్చే నాటికి దవాఖానా, బడి, స్టేషనుకు బస్సు, కర్జత్ లైన్లో ఎక్కువ లోకళ్ళు ఉండాలి. ఊరికి తిరిగిపోయిన కార్మికుడి దరఖాస్తు కూడా చెల్లుబాటులో ఉండాలి. చిట్టీలో పేరొస్తే కబురు ఊరి చిరునామాకు రావాలి. ఈ మూడో కోరిక పెద్దగా ఎవరూ ఎత్తడం లేదు. మన తెలుగు కార్మికులకు అది ప్రాణం. వేలమంది మనవాళ్ళు ఇప్పటికే ఊళ్ళలో ఉన్నారు. చిరునామా మారితే ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయండి, చాలు.

ఇప్పుడు ఆ పెద్దవ్వ సంగతి. మేము ఆమె ఖోలీకి పోయాం. ఇద్దరు కొడుకులనూ కూచోబెట్టి ఈ అయిదు ప్రశ్నలు వేశాం. పెద్దకొడుకు భివండి గోదాములో పని. వాంగణి తీసుకుందాం అన్నాడు గానీ కిస్తీ దగ్గర తమ్ముడి ముఖం చూశాడు. చిన్నకొడుకు రాత్రిపూట టాక్సీ నడుపుతాడు. ఊళ్ళో ఉందాం అన్నాడు గానీ, ‘నువ్వెప్పుడు పోతావు?’ అని అడిగితే తల వంచుకున్నాడు. పోయేది తల్లి ఒక్కతే. ఆ మాట అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అవ్వ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. “నాకు ఎరికే కొడుకా, వాళ్ళ నోటంట ఇనాలని మిమ్ముల పిలిచిన” అన్నది.

అవ్వా, నువ్వు ఈ రోజు ముందు వరసలో కూచున్నావు. అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్తున్నాం. ఊళ్ళో నీ చెల్లెలు ఉంది అన్నావు. దసరాకు పోయి ఆమె దగ్గర సంక్రాంతి దాకా ఉండి రా. ఖోలీ తాళంచెవి నీ కొంగుకే ఉండనీ, ఎవరికీ ఇవ్వకు. వాంగణి ఇల్లు కావాలంటే పెద్దోడు కిస్తీ కాగితం మీద తన పేరు రాసి మన ఆఫీసుకు తేవాలి. తెచ్చిన రోజు మేమే వెంట వస్తాం. తేకపోతే నీ దరఖాస్తు నీదే, నీ హక్కు నీదే. దాన్ని కాపాడటం మా పని.

మిగిలిన సోదరీ సోదరులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఈ నిర్ణయం ఒంటరిగా తీసుకోవద్దు. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు తెరిచి ఉంటుంది. కాగితాలతో రండి, ఇంటి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని రండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!
గిర్నీ కార్మికునికి ఇల్లు, హక్కు!